కితాసోనో కత్సుయే: పళ్ళ డాక్టర్ల కాలేజీలో లైబ్రేరియన్, కెమెరాతో కవి

కితాసోనో కత్సుయే అనే జపాన్ కవి కెమెరాతో కవితలు రాశాడంటారు, అది నిజమేనా, ఆయన ఎలా బతికాడు, జపనీస్ రానివాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నిజమే. మిగతా రెండింటికి కాస్త పొడుగ్గా చెప్పాలి.

నేను టోక్యోలో నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. శనివారాలు ఒక పెద్దావిడ దగ్గర జపనీస్ నేర్చుకునేవాణ్ణి. ఆరు నెలలైనా కంజీ అక్షరాలు నా బుర్రకి ఎక్కట్లేదు. ఒకరోజు ఆవిడ ఒక జిరాక్స్ కాగితం నా ముందు పెట్టి, "ఇది చదువు, నీకు రాని మాట ఇందులో ఒక్కటీ లేదు" అన్నారు. నిజంగానే లేదు. తెలుపు, నలుపు, పసుపు, చతురస్రం, లోపల. దాదాపు ఇవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. 1957లో కితాసోనో రాసిన 'తాంచో నా కూకాన్' అది. మన మాటల్లో 'మార్పు లేని ఖాళీ' అనుకోండి.

తెల్ల చతురస్రం లోపలి తెల్ల చతురస్రం లోపలి నల్ల చతురస్రం, ఇలా పైనుంచి కిందికి చదువుతూ పోతే మనం లోపలికి, ఇంకా లోపలికి దిగుతాం. ఇంగ్లీషులో ఇదే చెప్పాలంటే లోపలిది ముందూ బయటిది తర్వాతా వస్తుంది, అంటే దారి తిరగబడుతుంది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు, మన వాక్యం కూడా జపనీస్ లాగే నడుస్తుంది కదా! క్లాసులో గట్టిగా తెలుగులో చెప్పి చూపించాను. ఆవిడకి అర్థం కాకపోయినా లయ పట్టుకుని తల ఊపారు. బ్రెజిల్ కవి హరోల్దో ది కాంపోస్ దీన్ని పోర్చుగీసులోకి తెచ్చాడు.

కితాసోనో అసలు పేరు హషిమోతో కెన్‌కిచి. 1902లో మియె ప్రాంతంలో ఇసే దగ్గర పుట్టాడు. అన్న హెయిహచి కొయ్య శిల్పి. చూవో యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదివాడు. 1929లో వచ్చిన మొదటి పుస్తకం 'తెల్ల ఆల్బమ్'. తెల్ల గిన్నెలు, పువ్వు, చెంచా లాంటి మాటల్ని ఏ కథా లేకుండా పేజీ మీద పేర్చాడు అందులో కొన్నిచోట్ల. 1935లో 'వీ ఓ యూ' అనే మూడు ఇంగ్లీషు అక్షరాల పేరుతో పత్రిక పెట్టాడు. ఆ పేరుకి అర్థం లేదు, కావాలనే లేదు. యుద్ధకాలంలో ఆగినా, 1978లో ఆయన పోయేదాకా 160 సంచికలు వచ్చాయి. మరి జీతం ఎక్కడిది అంటారా, నిప్పన్ డెంటల్ కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం. దశాబ్దాల పాటు దంతవైద్యం పుస్తకాల మధ్యే పనిచేశాడు. ఉద్యోగం మానేస్తే తప్ప కళ రాదనే స్నేహితులకి ఈ సంగతి చెబుతుంటాను.

1936లో ఇటలీలో ఉన్న అమెరికన్ కవి ఎజ్రా పౌండ్‌కి తనే ఉత్తరం రాశాడు. ఆ స్నేహం ఏళ్ళ తరబడి ఉత్తరాల మీదే నడిచింది. పౌండ్ ముద్దుగా 'కిట్ కాట్' అని పిలిచేవాడు (అవును, చాక్లెట్ లాగే). ఆ పరిచయంతోనే 'వీ ఓ యూ' పత్రిక బృందం కవితలు 1938లో ఇంగ్లండ్, అమెరికా పత్రికలకి చేరాయి.

ఇక నాకు మింగుడుపడనిది ఒకటుంది. మాటలోంచి అర్థాన్ని తీసెయ్యాలని పదిహేనేళ్ళు కష్టపడ్డ మనిషి, యుద్ధం వచ్చేసరికి దేశభక్తి కవితలు రాశాడు. 1940లో పోలీసుల ఒత్తిడి వచ్చింది, పత్రిక పేరు మార్చాడు. ఆ రోజులూ మామూలువి కావు. సర్రియలిజం, అంటే కలల్లా తర్కానికి అందని కళ, కమ్యూనిజానికి చుట్టమన్న అనుమానంతో 1941లో కవి తకిగుచి షూజోని నెలల తరబడి నిర్బంధించారు. భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ కవితల్ని పక్కన పెట్టేసి తెల్ల చతురస్రాల్ని మాత్రం మెచ్చుకోవడం నా వల్ల కాలేదు. జాన్ సోల్ట్ 1999లో ఇంగ్లీషులో తెచ్చిన పరిశోధన పుస్తకం ఈ భాగాన్ని దాచకుండా చెబుతుంది. చదవాలంటే అక్కడ మొదలుపెట్టండి. బరువైన పుస్తకమే, తొందరేం లేదు.

కెమెరా సంగతికొస్తే, వాటిని ఆయన 'ప్లాస్టిక్ కవితలు' అన్నాడు. 1966లో వాటి మీద చిన్న వ్యాసం కూడా రాశాడు. నలిపిన కాగితం, తీగ ముక్క, గులకరాళ్ళు, థర్మాకోల్ లాంటివి బల్లమీద పేర్చి నలుపు తెలుపులో ఫొటో తీసేవాడు. ఆ ఫొటోనే కవిత. కాగితాల మీద చాలాసార్లు ఫ్రెంచి అక్షరాలు కనిపిస్తాయి. ఫ్రెంచే ఎందుకో నాకు చాలాకాలం తట్టలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక ఆదివారం నేనూ ప్రయత్నించాను. ఆ రోజు తెలుగు పేపర్ నలిపి, కరెంటు వైరు ముక్క చుట్టి, కిటికీ వెలుగులో డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఫోన్‌తో తీశాను. ఇరవై ఫొటోలు తీస్తే ఇరవయ్యీ చెడ్డాయి. ఎంత నలిపినా మడతలోంచి "సంతాపం" అనే మాట కనిపిస్తూనే ఉంది. కన్ను కాగితాన్ని చూడట్లేదు, చదివేస్తోంది. అప్పుడు అనిపించింది, ఆయన ఫ్రెంచి కాగితాలు వాడింది ఇందుకేనేమో అని.

టోక్యో నుంచి తెచ్చిన గిన్నెలకి చుట్టిన సూపర్‌మార్కెట్ కరపత్రం ఒకటి అటకమీద దొరికింది. దాన్ని నలిపి తీశాను. ఈసారి బాగా వచ్చింది. మా ఆవిడ ఫోన్ తీసుకుని చాలాసేపు చూసి, "బాగుందండీ, ఏం రాసుంది ఇందులో?" అంది.

"టోఫు 98 యెన్లు" అన్నాను.

"చెప్పకుండా ఉండాల్సింది" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.