ముందు నీ పనివాళ్ళకు ఆపిన ఆ కూలి డబ్బులు ఇచ్చెయ్, అల్లుడూ

ప్రభువునందు ప్రియమైన అల్లుడికి, మీ మామయ్య వందనాలు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. "బాప్తిస్మం తీసుకుని నెల దాటింది మామయ్యా, తాగుడు మానేశాను, ఆదివారం తప్పకుండా గుడికి పోతున్నాను, అయినా ఇంట్లో ఎవరూ నన్ను నమ్మడం లేదు" అన్నావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువుకో.

వాళ్ళు నమ్మకపోవడంలో తప్పేం లేదురా. ఎన్నేళ్ళు నీ మాట విని మోసపోయారో నీకు తెలుసు. నీ మీద నమ్మకం వాళ్ళకు నెలలో రావాలని అడిగే హక్కు నీకూ లేదు, నాకూ లేదు. ఆ సంగతి వాళ్ళకు వదిలేసి నీ పని నువ్వు చూసుకో.

నీ పని ఏమిటంటే, ఎవరి దగ్గర తప్పు చేశావో వాళ్ళ దగ్గరికి వెళ్ళడం. యూదా ఇస్కరియోతు సంగతి చూడు. పశ్చాత్తాపపడ్డాడని మన బైబిల్లోనే ఉంది. ప్రభువును పట్టిచ్చినందుకు పుచ్చుకున్న ముప్పై వెండి నాణేలూ తిరిగి పట్టుకెళ్ళాడు. ఎవరి దగ్గరికి? ప్రధాన యాజకుల దగ్గరికి. తాను అప్పగించిన ప్రభువు దగ్గరికి మాత్రం పోలేదు. పేతురు కూడా ప్రభువును ఎరగనని బొంకి వెక్కి వెక్కి ఏడ్చినవాడే. కానీ తిబెరియ సముద్రం ఒడ్డున ప్రభువు నిలబడ్డాడని తెలియగానే, పడవ ఒడ్డుకు చేరేదాకా ఆగలేక నీళ్ళలో దూకి ఆయన దగ్గరికి పోయాడు. నేను చాలా ఏళ్ళు యూదాలాగే ఏడ్చాను. ప్రార్థన కూటాల్లో కన్నీళ్ళు కార్చేవాణ్ణి, నేను మోసం చేసిన రైతు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

నేను వయసులో ఉండగా ఒక మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా చేశానని నీకు తెలుసు. అక్కడ ఏం చేశానో మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ధాన్యం బస్తా 75 కిలోలు. గోనె సంచి కిలో కూడా తూగదు. అయినా సంచి తరుగు, తేమ తరుగు, మట్టి తరుగు అని ఏదో పేరు పెట్టి బస్తాకు ఒక కిలో ఎక్కువ కోసేవాణ్ణి. దాంట్లో నాకు వాటా ఉండేది. రైతు చదువుకున్నవాడైతే తగ్గించేవాణ్ణి, వేలిముద్రవాడైతే కోసేవాణ్ణి. బాప్తిస్మం తీసుకున్నాక కూడా కొంతకాలం ఆ డబ్బులోంచే దశమభాగం తీసి కానుకల సంచిలో వేశాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతోంది.

లూకా మూడో అధ్యాయం చదువు. "మారుమనస్సునకు తగిన ఫలములు ఫలించుడి" అని బాప్తిస్మమిచ్చే యోహాను అంటే జనం "మేమేం చేయాలి" అని అడిగారు. ఉపవాసం ఉండమనలేదు ఆయన. రెండు అంగీలు ఉంటే లేనివాడికి ఒకటి ఇవ్వమన్నాడు. సుంకం వసూలు చేసేవాళ్ళను ఉద్యోగం మానమనలేదు, నిర్ణయించినదాని కంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులను ఎవరినీ బాధపెట్టకుండా జీతంతో తృప్తిపడమన్నాడు. ఎవరి పనిలో వాళ్ళు చేసే తప్పు ఏదో అక్కడే వేలు పెట్టాడు. అక్కడే నీలాంటి తాపీ మేస్త్రీ ఒకడు నిలబడి అడిగి ఉంటే ఏం చెప్పేవాడో నువ్వే ఆలోచించుకో.

నేను చేసింది చెబుతాను, పనికొస్తే తీసుకో. ఒక పాత నోటు పుస్తకంలో పేర్లు రాసుకున్నాను. గుర్తున్నంతవరకు ఎవరివి ఎన్ని బస్తాలు, ఎన్ని కిలోలు అని. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి ఇవ్వమని ఉంది కదా, అలాగే లెక్క కట్టాను. ఒకాయనవి 60 కిలోలు తిన్నాను. ఐదో వంతు కలిపితే 72. ఇంకో మూడు కిలోలు వేసి నిండు బస్తా ధర చేశాను, అదీ అప్పటి ధర కాదు, ఇచ్చే రోజు ధర.

వెళ్తే ఆయన లేడు, చనిపోయి ఏడాదయిందట. ఆయన భార్య అరుగు మీద కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. నిలబడే చెప్పాను. చేట ఆపింది. "పోయేదాకా ఆ తూకం సంగతి చెబుతూనే ఉన్నాడు నాయనా. మేమే లెక్క తప్పామేమోనని నేనే ఆయన్ని కసిరేదాన్ని" అంది. డబ్బు తీసుకుని కొంగున ముడేసుకుంది. క్షమించానని అనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు, మళ్ళీ చేట అందుకుంది. నేను ఇంటికొచ్చి మీ అత్తయ్య దగ్గర కూర్చుని ఏడ్చాను. డబ్బు పోయిందని కాదు. ఆ ముసలాయన సొంత ఇంట్లోనే లెక్క రానివాడైపోయాడు, అది నేను దేంతో తీర్చను?

అందుకే చెబుతున్నాను, వెళ్ళినప్పుడు క్షమాపణ దొరికి తీరాలని ఎదురుచూడకు. చేతిలో బైబిలు పట్టుకుని వెళ్ళకు, సువార్త చెప్పకు. ఆ రోజు నువ్వు బాకీదారుడివి, అంతే. నలుగురిలో కాకుండా వాళ్ళకు తీరిక ఉన్న వేళ వెళ్ళు. చేసింది చేసినట్టు చెప్పు. "కానీ అప్పుడు నా పరిస్థితి..." అన్న మాట నోట్లోకి వస్తే మింగెయ్. ఇద్దరు నా దగ్గర డబ్బు తీసుకోలేదు. ఆ సొమ్ము నేను ఉంచుకోకుండా ఊళ్ళో పిల్లల పరీక్ష ఫీజులకు కట్టాను.

ఇవన్నీ చేస్తే రక్షణ వస్తుందని మాత్రం అనుకోకు. సుంకం వసూలు చేసే జక్కయ్య లెక్కలు తేల్చాక ప్రభువు ఆయన ఇంటికి రాలేదు. ముందు ప్రభువు వచ్చాడు, ఆ సంతోషంలో జక్కయ్య లేచి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

ఇంటి సంగతి. నీ ఇల్లాలికి ఉపన్యాసాలు చెప్పకు. శనివారం డబ్బులు చేతికి రాగానే లెక్కతో సహా ఆమె చేతిలో పెట్టు. కేకలు వేస్తే అదే పూట, పిల్లల ముందు వేస్తే పిల్లల ముందే, తప్పయిందని చెప్పు. బ్రాందీ షాపు ఉన్న రోడ్డున రాకు, చుట్టూ తిరిగైనా రా. తాగుడు మానాక చేతులు వణుకుతున్నాయని మీ అమ్మ చెప్పింది. అది విశ్వాసం చాలక కాదు, శరీరం. ప్రార్థనతోనే తగ్గాలని మొండికేయకుండా రేపే డాక్టరుకు చూపించు, కొందరికి అది ప్రాణం మీదికి వస్తుంది. జారి ఒక రోజు తాగినా దాచకు, ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్.

పాస్టరుగారు వచ్చే నెల కూటాల్లో నిన్ను సాక్ష్యం చెప్పమన్నారట. ఇప్పుడే వద్దని నా మాటగా చెప్పు. నీ కింద పనిచేసినవాళ్ళు ఆ జనంలో కూర్చుని ఉంటారు.

ఒడిశా నుంచి వచ్చి నీ దగ్గర స్లాబు పని చేసిన ఆ ముగ్గురు కుర్రాళ్ళకు నాలుగేసి రోజుల కూలి ఆపావు కదా, సెంట్రింగు సరిగ్గా కట్టలేదని. కట్టలేదో, కట్టారో నీకు తెలుసు. ఏ రోజు కూలి ఆ రోజు పొద్దు కుంకక ముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండం చెబుతోంది. నీకు ఎన్ని పొద్దులు కుంకాయో లెక్కపెట్టు. ఫోన్‌పేలో పంపి ఊరుకోకు, వాళ్ళుండే షెడ్డుకు నువ్వే వెళ్ళి చేతికివ్వు. చేతిలో అంత లేకపోతే నాకు చెప్పు, నేను సర్దుతాను, నెలనెలా తీర్చుదువుగాని. శుక్రవారం బండికి వాళ్ళ ఊరు పోతున్నారని మీ అమ్మ అంది. గురువారం లోపల వెళ్ళు.

మీ మామయ్య