జ్వాల కాంతిని 'శోషిస్తుందా'?

సందేహం: రాకెట్ ఘన ఇంధనాల మంటలను పరిశీలించే పద్ధతిపై వచ్చిన ఒక వ్యాసంలో "జ్వాల కాంతిని శోషించే తీరును బట్టి" అని చదివాను. శోషించడమంటే ఎండిపోవడం కదా? పైగా వెలుగునిచ్చే జ్వాల వెలుగును శోషించడమేమిటి? హిందీలోలాగా 'అవశోషణ' అనాలా?

సమాధానం: 'శోషణ'కు మూలం ఎండుట అనే అర్థం గల 'శుష్' ధాతువు. కంఠశోష, శోషవచ్చి పడిపోవడం, కావ్యభాషలోని శోషిల్లుట అన్నీ ఆ కుదురులోనివే కనుక మీ అనుమానం సహజమే. అయితే శోషణమంటే ఎండిపోవడమే కాక, ఎండజేయడం, తడిని లాగివేయడం కూడా. మన్మథుడి అయిదు బాణాల్లో ఒకటైన శోషణం చేసే పని అదే. తడిని లాగేసుకోవడం నుంచి కాంతిని లాగేసుకోవడానికి అర్థం విస్తరించింది. హిందీలో 'శోషణ్' అంటే దోపిడీ అనే అర్థం బలంగా ఉంది కాబట్టి వారికి 'అవ' చేర్చక తప్పలేదు. మనకు దోపిడీ అన్న మాట వేరే ఉండగా ఆ ఉపసర్గ బరువెందుకు?

ఇక రెండో చిక్కు మాటది కాదు, వాక్యానిది. ఈ పరిశీలనలో మంట వెనుక ప్రకాశవంతమైన దీపాన్ని ఉంచి, దాని కాంతిని మంట గుండా పంపి, ఇవతలికి వచ్చిన కాంతిలో ఏ తరంగదైర్ఘ్యం వద్ద ఎంత తగ్గిందో కొలుస్తారు. మంటలో పుట్టే రాడికల్స్‌లో, అంటే నిలకడలేని అణుశకలాల్లో, హైడ్రాక్సిల్ రాడికల్ ఉంటే 308 నానోమీటర్ల చుట్టుపక్కల, సయనోజెన్ రాడికల్ ఉంటే 388 దగ్గర లోటు కనిపిస్తుంది. మంట తానుగా వెదజల్లే వెలుగు అదనపు శక్తి పుంజుకొని ఉత్తేజితమైన కొద్దిపాటి అణువుల సంగతే చెబుతుంది. లోటు మాత్రం నిమ్మళంగా ఉన్న అత్యధిక అణువుల లెక్క చెబుతుంది. కాబట్టి వెలుగునిచ్చేదే వెలుగును తీసుకోవడంలో వైరుధ్యం లేదు. కానీ కర్త జ్వాల కాదు, అందులోని అణువులు. "జ్వాలలోని అణువులు కాంతిని శోషించుకొనే తీరును బట్టి" అని రాసి ఉంటే మీకీ సందేహమే వచ్చేది కాదు. 'పీల్చుకొనే' అన్నా నాకు అభ్యంతరం లేదు. 'గ్రహించే' మాత్రం వద్దు. ఇవతల ఆ కాంతిని అందుకొనే పరికరం చేసేదీ గ్రహించడమే.

మీరు అడగకపోయినా, నాకు అంతకంటే ఎక్కువ గుచ్చుకొన్నది 'ఘన ఇంధనం'. ఇంధనమంటే మొదట వంటచెరకు, అంటే మండేది. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో నింపే దాదాపు 138 టన్నుల ముద్దలో అల్యూమినియం పొడి, దాన్ని పట్టి ఉంచే రబ్బరు వంటి పాలిమర్ ఇంధనాలే. కానీ మూడింట రెండు వంతుల వరకు ఉండేది అమోనియం పెర్‌క్లోరేట్, అంటే మండడానికి ఆక్సిజన్‌ను అందించే ఆక్సీకారిణి. ఈ మొత్తానికి 'చోదకం' అన్నదే తగిన పేరు. వాహన చోదకుడిలోనూ, గాయత్రిలోని 'ప్రచోదయాత్'లోనూ ఉన్న ధాతువే ఇది. పత్రికల్లో ఇంధనమని పాతుకుపోయిన మాటను వార్తల వరకు సహించవచ్చు గాని, మంటలో ఏది దేనితో కలిసి మండుతున్నదో తేల్చే వ్యాసంలో 'ఘన చోదకం' అనే రాయాలి.