సర్పంచ్ తీర్మానం రాసిస్తే సొంత చేలో నాపరాయి మైను మొదలుపెట్టొచ్చా?

మీరు అడిగింది ఇదీ: తాడిపత్రి దగ్గర మీ నాయన పేరు మీద 2 ఎకరాల మెట్ట చేను, వంక పక్కన పొడవుగా ఉంది. పైన కాస్త మట్టి తీస్తే చాలు, నాపరాయి తగులుతోంది. సర్పంచ్ "పంచాయతీ తీర్మానం రాసిస్తా, మొదలుపెట్టుకోండి" అన్నాడు. అది సరిపోతుందా, ఇంకేమన్నా కావాలా అని.

సరిపోదు. తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు మైన్లకు కాగితాల పని చూస్తుంటా కాబట్టి ఈ మాట చాలామంది నోట విన్నాను. గ్రామసభ ఒప్పుకుంటే చాలనే మాట 1996 నాటి పెసా చట్టం వల్ల పుట్టినట్టుంది. ఆ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకు, అంటే ప్రభుత్వం గుర్తించిన గిరిజన ప్రాంతాలకు. మన అనంతపురం జిల్లాలో అట్లాంటి ప్రాంతమే లేదు. ఉన్నచోట కూడా పంచాయతీ లీజు ఇవ్వదు, సిఫారసు చేస్తుంది, అంతే. పట్టా ఉంటే పైన శనగ వేసుకోండి, ఎవరూ అడగరు. తవ్వి అమ్మాలంటే మాత్రం గనుల శాఖ లీజు ఉండాల్సిందే. లేకుండా ఒక ట్రాక్టర్ బయటికి పోయినా బండి సీజ్ చేస్తారు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంలో 2015 సవరణ తర్వాత శిక్ష 5 ఏళ్ల జైలు దాకా, హెక్టారుకు 5 లక్షల జరిమానా దాకా ఉంది. కేసు పడితే అది మీ నాయన మీద పడుతుంది, సర్పంచ్ మీద కాదు.

ఆఫీసుల చుట్టూ తిరిగేముందు ఇంట్లో కూర్చుని ఒక లెక్క వేయండి. కన్సల్టెంట్లు అడ్వాన్సు తీసుకునేదాకా ఈ లెక్క చెప్పరు. లీజు హద్దు నుంచి లోపలికి చుట్టూ 7.5 మీటర్లు తవ్వకుండా వదలాలి. చేను నలుపలకగా ఉంటే 2 ఎకరాలు అంటే సుమారు 90 మీటర్లకు 90. అంచులు పోగా 75కు 75 మిగులుతుంది, అంటే 30 శాతం భూమి అంచుల్లోనే పోయింది. మీది పొడవాటి చేను అన్నారు. 40 మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవు అనుకుందాం. 25కు 185 మిగులుతుంది. 40 శాతం పైనే పోయింది. మిగిలినదాంట్లో కూడా గోడ నిటారుగా దింపనివ్వరు, మెట్లు మెట్లుగా దిగాలి. 25 మీటర్ల వెడల్పులో రెండు పక్కలా మెట్లు వదులుకుంటూ పోతే అడుగుకు చేరేసరికి యంత్రం తిరగడానికే చోటు చాలదు. ఇక వంక పక్క ఎంత వదలమంటారనేది వేరే.

ఆ వంక సంగతి కొంచెం వివరంగా చెప్తా. తహసీల్దారు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇచ్చేముందు మండల సర్వేయరు, గనుల శాఖ వాళ్లు, వీఆర్వో కలిసి చేలోకి వస్తారు. కొలిమిగుండ్ల పక్క ఒక చేలో నేను చూసింది: రైతు చూపించిన గట్టు ఒకచోట ఉంది, ఎఫ్‌ఎంబీ పటంలో (సర్వే శాఖ దగ్గరుండే చేను కొలతల పటం) హద్దు దానికి ఏడెనిమిది అడుగులు లోపలుంది. మధ్యలో ఉన్నదంతా వంక పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి. మూడు తరాలుగా దున్నుకుంటున్నారు, వాళ్ల దృష్టిలో అది వాళ్ల చేనే. సర్వేయరు గొలుసు పరిచి, సున్నంతో గీత గీసి, "ఇక్కడికే మీది" అన్నాడు. ఆ గీతకు తగ్గట్టు స్కెచ్ మళ్లీ గీయాలి, విస్తీర్ణం మారింది కాబట్టి దరఖాస్తు కూడా మళ్లీ పెట్టాలి. మీరు ముందే ఎఫ్‌ఎంబీ కాపీ, 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) తీసుకుని ప్రైవేటు సర్వేయరుతో ఒకసారి కొలిపించుకోండి. ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

వెడల్పు లెక్క కుదిరితేనే మిగతా కాగితాల సంగతి. దరఖాస్తు గనుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో. బండలుగా కోసే నాపరాయి చిన్న తరహా ఖనిజం, రాష్ట్రానికి 1966 నుంచి ఉన్న నిబంధనల కిందికి వస్తుంది. ఇదే రాయి సిమెంటు ఫ్యాక్టరీకి పోతే ప్రధాన ఖనిజం, దాని దారే వేరు. ఈ వర్గాలు మారుతుంటాయి కూడా. మంగంపేట ముగ్గురాయిని 2015లో చిన్న తరహాలోకి తెచ్చి, 2025 ఫిబ్రవరిలో మళ్లీ ప్రధాన ఖనిజం చేశారు. లీజు ఇచ్చే పద్ధతీ అంతే, 2022లో ఈ-వేలం తెచ్చారు, ఆ తర్వాతా మార్పులు వస్తూనే ఉన్నాయి. అందుకే ఏడీ ఆఫీసుకు పోయినప్పుడు "పట్టా భూమికి ఈ రోజు ఏ జీవో నడుస్తోంది" అని అడిగి కాపీ తెచ్చుకోండి. మీ పక్కింటాయనకు లీజు వచ్చిన పద్ధతి ఇప్పుడు ఉండకపోవచ్చు.

శాఖ సూత్రప్రాయంగా ఒప్పుకుంటే మైనింగ్ ప్లాన్ వేయించాలి, దానికి ఆమోదం కావాలి. ఆ తర్వాత పర్యావరణ అనుమతి, అందరూ ఈసీ అంటారు. "2 ఎకరాలే కదా, మాకెందుకు" అని చాలామంది అంటారు. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో 5 హెక్టార్ల లోపు చిన్న లీజులకూ ఇది కావాలని తేల్చేసింది. దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో పెట్టాలి. మన బెల్టులో అసలు తలనొప్పి క్లస్టర్. 500 మీటర్ల లోపు ఉన్న పక్క లీజులు కలిపి లెక్కేస్తారు. ఆ మొత్తం 5 హెక్టార్లు దాటితే మీ 2 ఎకరాలకు కూడా పెద్ద మైను మాదిరి నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ తగులుకుంటాయి. మైన్లు గట్టుకు గట్టు ఆనుకుని ఉండే ఊళ్లలో ఇది దాదాపు ఖాయం. ఆ ఖర్చు ఒక్కరే మోయొద్దు, పక్క లీజుదార్లతో కలిసి నివేదిక వేయించుకునే వీలుందేమో కనుక్కోండి.

ఈసీ వచ్చాక సీఎఫ్‌ఈ (ఏర్పాటుకు అనుమతి) వేరుగా కావాలేమో కాలుష్య నియంత్రణ మండలి దగ్గర కనుక్కోండి, తవ్వకం మొదలుపెట్టే ముందు మాత్రం అక్కడే సీఎఫ్‌ఓ (నడపడానికి అనుమతి) తీసుకోవాలి. లీజు డీడ్ రిజిస్టర్ అయ్యి వర్క్ ఆర్డరు చేతికొచ్చాకే గడ్డపార పట్టాలి. అప్పుడు కూడా లోడుకు సీనరేజీ (ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) కట్టి, పర్మిట్ తీసుకుంటేనే బండి రోడ్డెక్కాలి.

పేలుడు పదార్థాల జోలికి మాత్రం పోకండి. బండల మైనులో వాటి అవసరమూ లేదు, పేలిస్తే పలక చీలికలై ఎందుకూ పనికిరాదు. కటింగ్ మెషిన్, ఉలి, గడ్డపారే మన పని. అయినా పైనున్న గట్టి రాయి తొందరగా తీయాలని జిలెటిన్ తెప్పించేవాళ్లు ఉన్నారు. 2018 ఆగస్టులో ఆలూరు దగ్గర హత్తిబెళగల్ క్వారీలో, 2021 మేలో కడప జిల్లా మామిళ్లపల్లెలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. పేలుడు జరిగి, పొట్టకూటికి వచ్చిన కూలీలు చనిపోయారు. ఇంకోటి: 6 మీటర్ల లోతు దాటకుండా, 50 మందికి మించకుండా, పేలుడు లేకుండా ఉంటే, 2025 నవంబరు దాకా నడిచిన 1952 గనుల చట్టంలో చాలా షరతుల నుంచి మినహాయింపు రాసి ఉండేది. దీన్ని చూపించి భద్రత సంగతి పట్టించుకోనక్కర్లేదని ఎవరన్నా చెప్తే నమ్మకండి. 6 మీటర్ల దగ్గర ఆగిన మైను మన పక్క ఒక్కటి చూపించమనండి.

ఇంత చెప్పాక సర్పంచ్‌ను దూరం చేసుకోమని కాదు. ఆ తీర్మానం తీసుకోండి, ఫైల్లో పెట్టుకోండి, తహసీల్దారు విచారణలో ఉపయోగపడుతుంది. అయితే "అభ్యంతరం లేదు" అని ఒక్క ముక్క రాయించుకుంటే దానికి విలువ ఉండదు. టిప్పర్లు ఏ దారిన పోతాయి, ఆ దారి ఎవరు బాగుచేస్తారు, పనికిరాని రాయి ఎక్కడ పోస్తారు, వంకలోకి పోకుండా ఏం చేస్తారు, ఇవి అందులో ఉండాలి. రేపు ప్రజాభిప్రాయ సేకరణలో ఊరోళ్లు అడిగేవి ఇవే. మైను వేస్ట్, పాలిష్ ఫ్యాక్టరీ బురద రోడ్ల పక్కన పోసి ఊళ్లు ఎట్లా తయారయ్యాయో వాళ్లు చూస్తూనే ఉన్నారు, వాళ్ల కోపంలో న్యాయం ఉంది.

చేను వెడల్పు 40 మీటర్లో, అంతకంటే తక్కువో వస్తే నా సలహా, సొంతంగా లీజుకు పోకండి. పక్క సర్వే నంబరు వాళ్లు కలిసొస్తారేమో చూడండి. ఎఫ్‌ఎంబీలో కొలతలు ఎంత వచ్చాయో, చుట్టూ అరకిలోమీటరులో ఎన్ని మైన్లు ఉన్నాయో రాస్తే క్లస్టర్ సంగతి ఇంకొంచెం కచ్చితంగా చెప్తాను.