యూనివర్సిటీ లైబ్రరీలోని లా డేటాబేసులు ప్రాక్టీసు చేసే వకీళ్లు వాడుకోవచ్చా?

హనుమకొండలో జూనియర్ వకీలుగా చేస్తున్నానని, మనుపాత్ర, ఎస్‌సీసీ ఆన్‌లైన్ లాంటి తీర్పుల డేటాబేసులకు చందా కట్టే స్థోమత లేదని, యూనివర్సిటీ లైబ్రరీలో చూడనిస్తారా అని ఒకరు అడిగారు. అడిగితే చూడనివ్వొచ్చు, మొహమాటపడకుండా అడగండి.

తీర్పు దొరకడం ఇప్పుడు కష్టం కాదు. ఇండియన్ కానూన్ వెబ్‌సైటు ఉంది, 2023 నుంచి సుప్రీంకోర్టు తన తీర్పులను ఆన్‌లైన్‌లో పెట్టే ఈ-ఎస్‌సీఆర్ కూడా ఉచితమే. ఆ తీర్పు ఇంకా నిలబడి ఉందా, తర్వాతి కోర్టులు దాన్ని ఎట్లా చూశాయి అన్నది తేల్చుకోవడానికే డేటాబేసు కావాలి.

పరకాల వైపు ఒకామెకు పార్టిషన్ సూటు, అంటే ఆస్తి పంపకాల దావా, నడిపాను. 1982లో పెండ్లి, 2001లో తండ్రి పోయాడు. పొలంలో వాటా లేదన్నారు అన్నదమ్ములు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో ఆడబిడ్డలకు వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ అంతకుముందే పెండ్లయిన బిడ్డలకు వర్తించదని అవతలి వకీలు వాదన. దానికి అదే చట్టానికి 2005లో వచ్చిన కేంద్ర సవరణ, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పు సరిపోతాయి. తండ్రి 2005 నాటికి బతికి ఉండాల్సిన పని లేదు. ఇది బార్‌లో అందరికీ తెలిసిందే. చిక్కల్లా రెండో వాదనతోనే: ఎప్పుడో నోటిమాటగా పంపకాలైపోయాయట, పెద్దమనుషుల ముందు రాసుకున్న తెల్లకాగితం ఉందట.

ఒక యూనివర్సిటీ లైబ్రరీలో మధ్యాహ్నమంతా కూర్చుని, వినీతా శర్మను ప్రస్తావించిన తర్వాతి కేసుల్లో 'ఓరల్ పార్టిషన్' (నోటి పంపకం) అని వెతికాను. పబ్లిక్ డాక్యుమెంట్లు బలపరిచే అరుదైన సందర్భాల్లో తప్ప నోటి పంపకాన్ని ఒప్పుకోరాదని ఆ తీర్పులోనే ఉంది. హైకోర్టులు ఆ మాటను ఎట్లా పట్టుకున్నాయో వరుసగా కనబడింది. వాదనల రోజు ఆ పేరా చదివితే జడ్జిగారు అవతలి వకీలు వైపు తిరిగి "పబ్లిక్ డాక్యుమెంట్ ఏదండీ?" అన్నారు. తెల్లకాగితం తప్ప వాళ్ల దగ్గర ఏమీ లేదు.

తీర్పు మొత్తం చదవకుండా, వాట్సాప్‌లో వచ్చిన హెడ్‌నోట్ (తీర్పు సారాంశం) ప్రింటు తీసి కోర్టులో పెట్టేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది. ఇప్పుడు ఏఐ పుట్టించిన, అసలు లేని కేసుల సైటేషన్లు కూడా తోడయ్యాయి. కక్షిదారు పొలం పోతే బాధ్యత ఎవరిది?

వెళ్లేముందు ఫోన్ చేసి ఏ డేటాబేసు ఉందో కనుక్కోండి. సాధారణంగా క్యాంపస్ నెట్‌వర్క్ మీదే తెరుచుకుంటాయి, ఇంటి నుంచి కుదరదు. నన్ను గేటు దగ్గరే స్టూడెంట్లకే అన్నారు. లైబ్రేరియన్‌ని కలిసి బార్ కౌన్సిల్ కార్డు చూపించి, లెటర్‌హెడ్ మీద దరఖాస్తు ఇస్తే కూర్చోనిచ్చారు. మీరు చదివిన కాలేజీ అయితే పూర్వ విద్యార్థినని చెప్పండి. కొన్ని లైసెన్సులు చదువు అవసరాలకే పరిమితం, కాబట్టి బయటివాళ్లకు అనుమతి ఉందో లేదో అడిగే మొదలుపెట్టండి. విద్యార్థి లాగిన్ అరువు తీసుకోవద్దు, కట్టలకొద్దీ డౌన్‌లోడ్ చేయొద్దు. సెక్షను, వెతకాల్సిన మాటలు ముందే రాసుకుపోతే పని తొందరగా తెములుతుంది.

ప్రభుత్వ యూనివర్సిటీలు ప్రజల డబ్బుతో కొన్నవి జిల్లా వకీళ్లకు అందకపోవడం అన్యాయం. మన బార్ అసోసియేషనే కాకతీయ యూనివర్సిటీకి లెటర్ పెట్టి వకీళ్లకు పాసులు అడగాలి. మే నెలలో సివిల్ కోర్టులకు సెలవులు కదా, ముందు ఆ నెలకైనా అడగాలి.