అన్నయ్య బంతులు ఏరడానికేనా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. పెద్దబ్బాయికి 17 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండే స్థితి). చిన్నవాడికి 12, క్రికెట్ పిచ్చి. అన్నని కూడా తీసుకెళ్లరా అంటే ఈమధ్య మొరాయిస్తున్నాడు. తీసుకెళ్లినా పెద్దాడికి బంతులు ఏరే పనే. మావారు ‘నలుగురూ నవ్వుతారు, ఇంట్లోనే ఉంచు’ అంటారు. ఇలాంటి పిల్లల చేత బేస్‌బాల్ ఆడిస్తున్న వీడియో చూశాను. మన దగ్గర అయ్యే పనేనా?

జవాబు: అవుతుందమ్మా. కానీ ముందు చిన్నవాడిని కాపలా డ్యూటీ నుంచి తప్పించండి. పన్నెండేళ్ల పిల్లాడు తన ఆట తాను ఆడుకోవాలనుకోవడం స్వార్థం కాదు. ‘రేపు నువ్వే కదా చూసుకోవాలి’ అన్న మాట ఇంట్లో ఎవరూ అనకండి. అన్నకి వేరే ఆట, వేరే తోడు కావాలి.

మీరు చూసినది అమెరికాలో మిరకిల్ లీగ్ పద్ధతి అయ్యుంటుంది. అందులో అవుట్ లేదు. ప్రతి ఒక్కరూ బ్యాట్ పడతారు, ప్రతి ఒక్కరూ పరుగు పూర్తి చేస్తారు, పక్కన ఒక తోడు ఉంటారు. క్రికెట్‌లో మొదటి బంతికే అవుటైన పిల్లాడు సాయంత్రమంతా నిలబడాలి, అక్కడే బంతులు ఏరే పని మొదలవుతుంది.

మైదానానికి వెళ్లేముందు డాక్టరు దగ్గరికి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది, కొందరికి మెడ పైభాగంలో మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులు. మెడ నొప్పి, తల ఒక పక్కకి వాల్చడం, నడక మారడం, చేతుల్లో బలం తగ్గడం, కొత్తగా బట్టల్లో మూత్రం పోవడం, వీటిలో ఏది కనిపించినా ఆట ఆపి శ్రీకాకుళం పెద్దాసుపత్రి (రిమ్స్)లో చూపించండి. ఏమీ లేకపోయినా తల ముందుకు పెట్టి దూకడం, పిల్లిమొగ్గలు వద్దు.

ఇక సామాను. ఈ పిల్లలకు విసిరిన బంతి కొట్టడం కష్టం, కాబట్టి కదలని బంతి పెట్టాలి. పది లీటర్ల పెయింట్ డబ్బాలో తడి ఇసుక కూరి, మధ్యలో అంగుళం పీవీసీ పైపు నిలబెట్టండి. బంతి బాబు బొడ్డు ఎత్తున ఉండాలి. పైపు చివర గట్టిగా ఉంటే బ్యాట్ తగిలినప్పుడు చేయి జిల్లుమంటుంది, రెండోసారి బ్యాట్ పట్టడు. అందుకే పైన నాలుగంగుళాల పొడవు రబ్బరు గొట్టం తొడగండి. ప్లాస్టిక్ బ్యాట్, పెద్ద స్పాంజి బంతి చాలు.

బేస్‌బాల్‌లో చతురస్రం నాలుగు మూలల్లో ఉండే గళ్లే బేస్‌లు, వాటిని వరసగా చుట్టి వస్తే పరుగు. పెద్దల ఆటలో బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. మీకు 30 చాలు. బేస్‌లకు గోనెసంచులు పరవకండి, కాళ్లకు చుట్టుకుంటాయి. ముగ్గుపిండితో నాలుగు రంగుల గళ్లు వేయండి, సున్నం మాత్రం వద్దు, కళ్లలో పడుతుంది.

గొడవ వచ్చేది రెండుచోట్ల. క్రికెట్ చూసిన కళ్లు కదా, బంతి కొట్టగానే ఎదురుగా పరిగెడతారు. తోడున్నవాళ్లు మొదటి గడి వైపు ముందు నడవాలి. రెండోది, బ్యాట్ చేతిలోంచి ఎగరేసి పరిగెత్తడం. బ్యాట్ పెట్టడానికి పక్కనే ఒక టబ్బు పెట్టి, ‘టబ్బులో వేసి పరుగు’ అని రోజూ అదే మాట చెప్పండి. మిగతావాళ్లు పది అడుగుల వెనక. ఒకసారి ఒక్క మాటే చెప్పి, పది లెక్కపెట్టేదాకా ఆగండి. మనం తొందరపడి మళ్లీ చెప్తే మొదటిది కూడా పోతుంది.

ఐదారుగురు పిల్లలు దొరకాలంటే మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల ప్రభుత్వ కేంద్రం) టీచరుని అడగండి. తోడుకి డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు, మనిషికొకరు. బాబు వయసు దాటిపోయిందని బెంగ వద్దు, ఇలాంటి వారి కోసమే ఉన్న స్పెషల్ ఒలింపిక్స్ ఆటల్లో 8 ఏళ్లు నిండితే చేరొచ్చు, పై వయసుకి హద్దు లేదు. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ లేకపోతే సచివాలయంలో స్లాట్ పెట్టించండి.

మీవారితో వాదన వద్దు. ఆ పైపు, డబ్బా పని ఆయనకే అప్పగించండి. మొదటి ఆదివారం పొద్దున్న ఆరున్నరకి, ఎండ ఎక్కకముందే, రెండు రౌండ్లు ఆడించి ఇంటికి వచ్చేయండి.