ఇంగ్లీషు పరీక్షలో నాన్న సైకిలు

ప్రశ్న: నేను చిత్తూరులో నర్సుగా పనిచేస్తున్నాను. ఇంగ్లండు వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు సిద్ధమవుతున్నాను. మాట్లాడే భాగంలో 7 రావాలి. శిక్షణ కేంద్రంలో సైకిలు మీద ఒక జవాబు రాసిచ్చి బట్టీ పట్టమన్నారు. కాలుష్యం, ఆరోగ్యం, పెట్రోలు ఆదా అన్నీ అందులో ఉన్నాయి. మధ్యలో ఒక్క మాట మరిచిపోయినా నాకు ఇక నోరు పెగలడం లేదు. నిజానికి నాకు బాగా తెలిసిన సైకిలు మా నాన్నది ఒక్కటే. పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారకముందే వెళ్లేవారు. అది చెబితే చులకనగా చూస్తారేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకమ్మా, ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పిన నోరు ఇది. ముందు ఆ కాగితాన్ని మడిచి బీరువా అడుగున పడేయి. ఆ జవాబు నాకూ కంఠతా వచ్చు. ఈ ఆరు నెలల్లో తిరుపతిలో, బైరాగిపట్టెడలోని మా ఇంటి వరండాలో కూర్చుని తొమ్మిది మంది దాన్ని అప్పజెప్పారు. ‘కాలుష్యం’ రాగానే అందరూ ఒకే చోట ఊపిరి పీల్చుకుంటారు. పదో మనిషి వస్తే ఆ ఊపిరి నేనే పీల్చేలా ఉన్నాను. అలాంటి జవాబులను పసిగట్టడం పరీక్ష చేసేవారికి నేర్పే పనుల్లో ఒకటి. రెండో వాక్యానికే తెలిసిపోతుంది.

పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా ఒక్క మనిషి, పక్కన నడుస్తున్న రికార్డరు. మొదటి నాలుగైదు నిమిషాలు ఊరు, ఉద్యోగం, ఇల్లు. తర్వాత దేని గురించి మాట్లాడాలో రాసి ఉన్న కార్డు, కాగితం, పెన్సిలు చేతికిచ్చి ఆలోచించుకోవడానికి 1 నిమిషం ఇస్తారు. ఆపైన ఒకటి రెండు నిమిషాలు నువ్వే మాట్లాడాలి. చివరి నాలుగైదు నిమిషాలు దాని చుట్టూ చర్చ. మార్కులు నాలుగింటికి సమానంగా పడతాయి: తడబడకుండా వరస తప్పకుండా చెప్పడం, మాటల సంపద, వ్యాకరణం, ఉచ్చారణ. మీ నాన్నగారి వృత్తికి ఆ పట్టికలో గడి లేదు.

ఇక ఆ ఒక్క నిమిషంలో ఏం రాసుకోవాలి? వాక్యాలు వద్దు, నాలుగు మాటలు చాలు. నిన్ను కొన్ని ప్రశ్నలు అడుగుతాను, జవాబులు నీ దగ్గరే ఉన్నాయి. క్యాన్లు క్యారియరుకు అటొకటి ఇటొకటి వేలాడేవా, తాడుతో కట్టేవారా? చీకట్లో దారికి డైనమో లైటు ఉండేదా, నోట్లో టార్చి పట్టుకునేవారా? గొలుసు ఊడినప్పుడు మసి చేతులను దేనికి తుడుచుకునేవారు? నిండు క్యాన్లు నోరెత్తవు, ఖాళీవి మాత్రం వీధి చివరి నుంచే గోల చేస్తాయి. ఆ గలగల విని మీ అమ్మ పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టేదా? ‘క్యాన్లు, టార్చి, గొలుసు, గలగల’ అని కాగితం మీద రాసుకున్నావంటే రెండు నిమిషాలు చాలవు, పరీక్ష చేసే మనిషే చేయి చూపించి ఆపుతారు. ఆపినందుకు మార్కు తగ్గదు, కంగారు పడకు.

ఇందులో వ్యాకరణం లాభం కూడా ఉంది. నీ ఉత్తరంలో ‘వెళ్లేవారు’ అని రాశావు చూడు. అలవాటుగా జరిగినదంతా మన భాషలో ఆ ‘ఏవారు’లో ఇమిడిపోతుంది. ఇంగ్లీషులో దానికి ‘యూజ్డ్ టు’ వాడాలి, ఒకటి రెండు సార్లయ్యాక ‘వుడ్’లోకి మారాలి. ఒకరోజు గొలుసు తెగి పాలు ఒలికిపోయాయనుకో, అక్కడ మామూలు భూతకాలం. ఇప్పుడు ఆ సైకిలు గోడకు ఆనించి ఉందంటే వర్తమానం. నీ దగ్గర ఉన్న కాగితంలో మొదటి నుంచి చివరి దాకా ఒకటే కాలం: సైకిలు మంచిది, సైకిలు చౌక, సైకిలు ఆరోగ్యం. నువ్వు మూడు కాలాలు వాడగలవని పరీక్ష చేసే మనిషికి ఎలా తెలుస్తుంది?

మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. సైకిలును ‘డ్రైవ్’ చేయరు, ‘రైడ్’ చేస్తారు. ‘నాకు సైకిలుంది’ అనడానికి ‘హ్యావ్’ చాలు, ‘హ్యావింగ్’ వద్దు. మన ‘తొక్కడం’తో ఇంకో చిక్కు. ఒక శిష్యుడు నిఘంటువు తెరిచి మొదట కనబడిన ‘ట్రాంపుల్’ పట్టుకున్నాడు. తిరుపతి నుంచి చంద్రగిరి దాకా సైకిలును కాళ్ల కింద వేసి నలిపానని గంభీరంగా చెప్పాడు. పన్నెండు కిలోమీటర్లు! పాపం ఆ సైకిలు.

చివరి చర్చలో ప్రశ్నలు పెద్దవవుతాయి: సైకిళ్లు ఎందుకు తగ్గాయి, సైకిలు సమాజాన్ని మార్చిందా అని. ఇక్కడ కూడా ఉపన్యాసం వద్దు, ఒక్క ఉదాహరణ పట్టుకో. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వేలాది మంది ఆడవాళ్లకు చదువుతో పాటు సైకిలు కూడా నేర్పింది. నీళ్లకైనా, సంతకైనా, పనికైనా ఇంకొకరి కోసం కాచుకుని ఉండే అవసరం వాళ్లకు తగ్గింది. బీహారులో 2006లో బడికి వెళ్లే ఆడపిల్లలకు సైకిళ్ల పథకం మొదలైంది. ఈ రెండింటిలో ఏదైనా ఒకటి చెప్పి, ‘మా ఊళ్లో అయితే’ అని నీ సంగతికి రా.

పాలవారి అమ్మాయివి కాబట్టి ఇంకొకటి నీకు నచ్చుతుంది. సైకిలుకు గాలి టైరును తెచ్చిన జాన్ డన్‌లప్ పశువుల డాక్టరు. బెల్‌ఫాస్ట్‌లో తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపులు పోవాలని ఆ ప్రయత్నం చేశాడు, 1888లో పేటెంటు తీసుకున్నాడు. ఇది చెప్పి తీరాలని కాదు. సంవత్సరాల అంకెలను గుక్కతిప్పుకోకుండా అప్పజెబితే మళ్లీ బట్టీ వాసన వస్తుంది.

ప్రశ్న: నాకు సైకిలు తొక్కడమే రాదు. ఆ కార్డు వస్తే మార్చమని అడగవచ్చా? (డిగ్రీ విద్యార్థి, తిరుపతి)

జవాబు: మార్చరు. రాదని చెప్పి, ఎందుకు రాలేదో చెప్పు నాయనా, అదీ కథే. నాకు ఇరవై రెండేళ్ల దాకా రాలేదు. 1978లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతుండగా, గంట అద్దెకు తెచ్చిన మగవాళ్ల సైకిలు మీద, చీరతో, ఆదివారం పొద్దున్నే ఎవరూ లేని దారిలో నేర్చుకున్నాను. మూడో వారం కుచ్చిళ్లు గొలుసులో ఇరుక్కున్నాయి. స్నేహితురాలు సైకిలును నిలబెట్టి పట్టుకుంటే నేను పెడలును చేత్తో వెనక్కి తిప్పుతూ, పన్ను పన్నుకూ కాస్త కాస్త గుడ్డ ఊడదీశాను. అద్దె గంటన్నర అయింది. అర్ధ గంటకు డబ్బులు తగ్గించమని షాపతనితో గొడవ పెట్టుకున్నాను కూడా, తగ్గించలేదు.

ప్రశ్న: పరీక్షలో సైకిల్ అనాలా, బైసికిల్ అనాలా, బైక్ అనాలా? (పాఠకుడు, మదనపల్లె)

జవాబు: ఏదైనా అనవచ్చు. అయితే మనలో చాలామంది ‘బైసైకిల్’ అంటారు. మోటారు సైకిలులో ‘సై’ పలుకుతుంది కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటారు. కాదు, ఊనిక ‘బై’ మీద పడి మధ్యలో పొట్టిగా ‘సి’ వస్తుంది. ‘బైక్’తో వచ్చే చిక్కు వేరు. ఇంగ్లండులో ఆ మాట వింటే ముందు సైకిలే గుర్తొస్తుంది, మనకు పెట్రోలు బండి గుర్తొస్తుంది. నిరుడు మా వరండాలో ఒక అబ్బాయిని అభ్యాసం కోసం ‘నీ చిన్నప్పటి బైక్ గురించి చెప్పు’ అని ఇంగ్లీషులో అడిగాను. వాడు నిమిషమంతా పెన్సిలు నమిలి, చివరకు తల వంచుకుని తెలుగులోనే అన్నాడు: “చిన్నప్పుడు నాకు లైసెన్సు లేదు మేడమ్.”