పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకోవాలా, ఈఎంఐ మీద మాక్ కొనాలా?

మీ ల్యాప్‌టాప్ ఆరో తరం ఐ5, 4 జీబీ ర్యామ్. విండోస్ 11 ఎక్కదని చెబుతోంది. బెంగళూరు మారతహళ్లిలో ఉండి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నారు, మాక్ కొనాలా అని అడిగారు. వద్దండి, మొదటి ఉద్యోగం వచ్చేదాకా వద్దు. టౌన్‌హాల్ దగ్గర ఎస్పీ రోడ్డుకు వెళ్లి ర్యామ్ 8 జీబీ చేయించండి, పాత హార్డ్ డిస్క్ తీయించి, దానికంటే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఆ తర్వాత లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసుకోండి, రెండూ విండోస్ బదులు వేసుకునే లినక్స్ రకాలే.

నేను ఒంగోలు నుంచి 2012లో వచ్చి బీటీఎంలో పీజీలో దిగాను. చేతిలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్. రూమ్మేట్ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు 12.04 ఉంటే ఆ రాత్రే ఎక్కించాను. విండోస్ కూడా పక్కనే ఉంటుందనుకున్నాను. డిస్క్ మొత్తం చెరిపెయ్యమనే దాని మీద టిక్ ఉంది, చదవకుండా నొక్కుకుంటూ పోయాను. తప్పు నాదే. డీ డ్రైవ్‌లో అక్క పెళ్లి ఫోటోలుండేవి, ఇంకెక్కడా కాపీ లేదు. అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. మీరు మాత్రం ఫోటోలు, సర్టిఫికెట్లు వేరే డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ డ్రైవ్‌ను ఇంకొకరి కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్నాకే మొదలుపెట్టండి.

తెల్లారి చూస్తే వైఫై లేదు, ఆ చిప్‌కు డ్రైవర్ విడిగా వేసుకోవాలట. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి దాని నెట్‌తో డ్రైవర్ దింపుకున్నాను. అలా ఒక్కో చిక్కు విప్పుకుంటూనే పర్మిషన్లు, ప్రాసెస్‌లు, లాగ్ ఫైళ్లు అలవాటయ్యాయి. తర్వాత ఉద్యోగంలో నా ముందు పెట్టిన సర్వర్లన్నీ లినక్స్‌వే. ఇంటర్వ్యూలో టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) చూసి నేను బెదరలేదంటే ఆ పాత ల్యాప్‌టాప్ పుణ్యమే. లినక్స్‌తో ఇబ్బందులు లేవని చెప్పను. మూత వేస్తే నిద్రపోవడం, ప్రింటర్, వేలిముద్ర రీడర్, ఈ మూడూ ఏ మోడల్‌లో మొరాయిస్తాయో ముందే చెప్పలేం.

మాక్ నాకు ఆఫీసు ఇచ్చింది. ఆపిల్ సొంత ఎం1 చిప్ 2020 చివర్లో వచ్చాక బ్యాటరీ విషయంలో దానికి సాటి ల్యాప్‌టాప్ నేను వాడలేదు. ఛార్జర్ ఇంట్లోనే వదిలేసి వెళ్లేవాణ్ని. కానీ ర్యామ్ చిప్‌తోనే కలిసి వస్తుంది. 8 జీబీ కొంటే ఎప్పటికీ 8 జీబీయే, ఎస్పీ రోడ్డులో ఎవరూ పెంచలేరు. ఇంకోటి, మాక్ మామూలు సెటప్‌లో ఫైలు పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టించుకోదు. లినక్స్ పట్టించుకుంటుంది. నా దగ్గర నడిచిన కోడ్ సర్వర్ మీద పడిపోతే, ఆ ఒక్క అక్షరం పట్టుకోవడానికి ఒక శుక్రవారం సాయంత్రమంతా పట్టింది.

విండోస్‌ను తీసిపారేయకండి. మా బావమరిది అకౌంట్స్ చూస్తాడు. ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్, ఎక్సెల్, అన్నీ దాని మీదే. శుభలేఖ వేయించడానికి ఊళ్లో డీటీపీ షాపుకు వెళ్తే పేజ్‌మేకర్, అను ఫాంట్లు కనిపించేదీ విండోస్ మీదే. డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) వచ్చాక విండోస్‌లోనే లినక్స్ టెర్మినల్ కూడా దొరుకుతోంది. మీ చిక్కల్లా మెషీన్ వయసు. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే తీసుకుంటుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మంచి మెషీన్‌ను ఆ ఒక్క కారణంతో అటకెక్కించడం నాకు మనసొప్పదు.

మీరు అడగకపోయినా తెలుగు సంగతి చెప్పాలి, నాకది ముఖ్యం. ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చాకే చాలామంది తెరల మీద డబ్బాల బదులు అక్షరాలు కనిపించాయి. 2019లో విండోస్ 10కి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ వచ్చింది, ‘అమ్మ’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగులో పడుతుంది. 2018 ఫిబ్రవరిలో అయితే ‘జ్ఞా’ అక్షరం, లోపల కంటికి కనపడని ఒక గుర్తు ఉన్న రూపంలో వస్తే, ఐఫోన్, మాక్‌లలో యాప్‌లు మూతపడేవి. ఆపిల్ ఆ నెలలోనే సరిచేసింది. ప్రపంచమంతా మన అక్షరాన్ని వైరస్‌లా చెప్పుకుంటుంటే బాధేసింది, లోపం అక్షరంలో లేదు కదా. లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ కీబోర్డ్ లేఅవుట్లలో ఏది చేతికి అలవాటైతే అది దొరుకుతుంది. ఈ జవాబు అక్కడే, ఇన్‌స్క్రిప్ట్‌లో కొడుతున్నాను.

ఇన్‌స్టాల్ చేసేముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే డిస్క్‌లో ఏమీ మార్చకుండా, బూట్ చేసి ఒక పూట వాడండి. వైఫై, స్పీకర్, కెమెరా చూడండి. మూత వేసి పది నిమిషాలాగి తెరవండి. ఏదైనా పనిచేయకపోతే మోడల్ నంబర్ ఇక్కడే కామెంట్‌లో పెట్టండి, చూసి చెబుతాను.